చార్జి అప్పగింత

అఖిలా, ముందుగాల తాళం సంగతి.
చెవి పెట్టినంక తలుపును జర పైకెత్తాలె,
ఎత్తకుంటే తిరగదు.
ఇది ఏ రికార్డుల రాసి లేదు.

పుస్తకాలు: రిజిస్టరు ప్రకారం పదకొండువేల నాలుగువందల పన్నెండు.
బీరువాలల్ల ఉన్నవి పదకొండువేల ఎనభై ఒకటి.
తేడా గురించి తర్వాత చెప్త.

కుర్చీలు ఇరవై నాలుగు, చేతులున్నవి తొమ్మిది.
ఫ్యాన్లు ఆరు. నడిమిది స్విచ్చి ఏసినంక
కొద్దిసేపు ఆలోచిస్తది, తర్వాత తిరుగుతది.
తిట్టకు.

ఈ జాగ మొదట బొగ్గు డిపో.
మౌలాలి గేటు అవతల ఇండ్లకు గ్యాసు బండలొచ్చినంక
బొగ్గు ఎవరు కొంటరు?
సేటు నెలకు అరవై రూపాయల కిరాయికి ఇచ్చిండు.
తొలి పుస్తకాలు రిక్షాల వచ్చినయట, రెండు ట్రంకుపెట్టెలల్ల.
ఎన్నిసార్లు సున్నం కొట్టిచ్చిన్రో.
అయినా ఆ మూల గోడ మీద చెయ్యి పెట్టి చూడు,
నల్లగైతది.

పొద్దుగాల ఎనిమిది నుంచి పదకొండు,
మళ్ల నాలుగు నుంచి ఏడు.
శుక్రవారం సెలవు.
నమాజుకు పోతా పోతా గౌసుద్దీన్ సాబ్ ఆగుతడు,
తాళాన్ని ఒకసారి గుంజి చూసి పోతడు.
ఆయన మెంబరు కాదు, చౌకీదారు కాదు.
నేను ఎన్నడు అడగలే.

ఇంటిపన్ను రూపాయిల ఎనిమిది పైసలు మనయి.
ఏడాదికి రెండు ఉత్తరాలు రాయాలె.
జవాబు రాదు. కాపీ మాత్రం ఫైల్ చెయ్యి.

ఉద్యోగాల పేజీ బ్లేడుతోని కోసే పిల్లగాడు ఒకడుండె,
దర్జీపని లెక్క, అంచు చెదరకుండ.
పట్టుకున్న, తిట్టిన, అప్లికేషన్ నేనే నింపిన.
ఇప్పుడు కండక్టరు.
నేను బస్సెక్కితే టికెట్టు కొట్టనంటడు,
నేను దిగనంట. రోజూ లొల్లే.

ఇప్పుడొచ్చేటోళ్లు మన పుస్తకాలు ముట్టరు.
గ్రూప్స్ పిల్లలు. పుస్తకం వాళ్లదే, నీళ్ల సీసా వాళ్లదే,
కొందరికి కుర్చీ సుత వాళ్లదే.
ఎనిమిదిమంది ఒక్క అర్రల పండి లేచొస్తరు.
మనం ఇచ్చేది చప్పుడు లేకపోవుడు ఒక్కటే,
అది ఏ రిజిస్టర్ల ఎక్కదు.
బానోతు సరిత మూడేండ్ల సంది కిటికీ పక్క సీటు.
పరీక్ష రద్దైన పొద్దు పుస్తకం తెరవలే,
కిటికీ ఊచలు లెక్కపెట్టుకుంట కూసుంది.
నాకు ఏం మాట్లాడాల్నో తోచలే.
లేచిపోయి ఆమె నెత్తి మీది ట్యూబులైటు ఏసిన.

ఇగ తేడా.
ఆ వానల ఏడు నాలా పొంగింది,
మోకాలిదాక నీళ్లు, కింది రెండు అరలు మునిగినయి.
నేను, అటెండరు పెంటయ్య పుస్తకాలు ఎత్తి రోడ్డు మీద పెడుతుంటే
గల్లీ గల్లీ అంత దిగింది.
ఇంటికి పది, ఇంటికి ఇరవై పట్టుకపోయిన్రు.
దండేల మీద, పంకాల కింద, రొట్టెల పెనం పక్కన ఆరబెట్టిన్రు.
డొరతీ టీచరమ్మైతే
పేజీ పేజీకి పాండ్స్ పౌడరు చల్లింది.
నెల దాటినంక తిరిగొచ్చినయి.
తడిసి ఆరిన పుస్తకం రెండింతలైతది, తెలుసా?
అరలల్ల పట్టలే.
తెరిస్తే ఒకటి పోపు వాసన, ఒకటి ఊదు,
ఒకటి పసిపిల్ల మెడ లెక్క.

రానివి రాలే.
ఆడిటాయన 'పోయినవి' అని రాయమన్నడు.
ఆ గడి నేను ఖాళీగనే పెట్టిన, ఇరవై ఏండ్లు దాటింది.
పోయిన నెల ఒకామె వచ్చింది,
ఇల్లు కూలగొడుతుంటే అటక మీద దొరికిందట,
ఫైను ఎంతైతదని భయం భయంగ అడిగింది.
అందుకే మూడువందల ముప్పై ఒకటి.
పోయిన ఏడు ముప్పై రెండుండె.

సంతకం ఇక్కడ పెట్టు. తేదీ నువ్వే ఎయ్యి.

ఆ, ఇంకొక్కటి.
మెంబర్షిప్పు ఫారాలు రెండో సొరుగుల ఉంటయి.
ఒకటి ఇటియ్యి.
ఇన్నేండ్లల్ల నాకు కార్డే లేకపాయె.