ఒక్క మెతుకు

రాత్రి పదిన్నర. నల్లగొండ, గడియారం సెంటరు.
షట్టరు సగం దించిన చీరెల దుకాణంల
నిచ్చెన మీద సైదులు, నిచ్చెన పట్టుకొని నేను.
"పట్టు సెక్షను దిక్కు నీళ్లు పడనియ్యకుండ్రి"
కౌంటరు కాడికెళ్లి ఓనరు. మూడోసారి.

సీలింగుకు నూటపన్నెండు తలకాయలు.
ఒక్కోదాని గొంతుల వడ్లగింజంత గాజుబుడ్డి,
బుడ్డిల ఎర్రటి మందు.
అరవై ఎనిమిది డిగ్రీలకు పలగాలె.
పలగడమే దాని పని,
పలిగినంక దానికి పని లేదు.

పోయిన దసరకు రంగులేసిన మనిషి
గోడలతోపాటు పదకొండు బుడ్లకు తెల్లరంగు పూసిండు.
ఒకదానికి డిస్కౌంటు బోర్డు వేలాడుతాంది.
అటక మీద, పికో మిషను పక్కన
చీరెల కట్టలు సీలింగును తాకినయి.
రేపు పైనుంచి వాన కురిసినా
మంట గొడుగు కిందనే ఉంటది.

కొసకున్న వాల్వు తిప్పినం.
ముందు గాలి. పైపు దగ్గింది.
ఎనుక నల్లటి నీళ్లు,
నాలుగేండ్లు చీకట్ల పండుకున్న నీళ్లు, తుప్పు కంపు.
గంట మోగేసరికి నూటనలభై సెకండ్లు.
నైలాను చీరెకు అంత ఓపిక ఉండదు.

విప్పిన పైపు లోపల తెల్లటి పెచ్చు.
బోరునీళ్ల చేతిరాత నాకు కొత్తగాదు,
నా పండ్ల మీద చిన్నప్పుడే రాసింది.

రెండు తలకాయలు ఊడదీసి
వేడినీళ్ల గిన్నెల వేసిన.
ఒకటి అరవై తొమ్మిదికి టప్పుమన్నది.
రెండోదాని బుడ్డి పలిగింది గాని
మూత ఊడలే, పెచ్చు పట్టుకొని కూసుంది.

అన్నం ఉడికిందో లేదో
ఒక్క మెతుకు పట్టి చూస్తె చాలంటరు.
ఆ గిన్నెకు ఒకటే పొయ్యి.
ఇక్కడ మెతుకు మెతుకుకు పొయ్యి వేరు,
పట్టి చూసిన మెతుకు మళ్ల గిన్నెలకు రాదు.
మంచిదని తేలింది చెత్తబుట్టల ఉన్నది.
పైన వేలాడేదంత నమ్మకం.

"పండుగ సీజను సారూ, పాస్ అని రాయిండ్రి"
పెన్ను మూత తీసి మరీ ఇచ్చిండు ఓనరు.
కాయితం మీద ఆ గడి ఇంకా ఖాళీ.

రేపటి ఆర్డరుకు ఫాల్స్ కుడుతున్న ఈదమ్మ
మిషను ఆపి అడిగింది:
"నా నెత్తి మీదిది పనిచేస్తదా?"
మూత ఊడనిది అక్కడిదే.
సైదులు కొత్తది బిగిస్తున్నడు.
"ఎట్ల చెప్పాలమ్మా, దీన్నింకా పలగ్గొట్టలే.
కట్టలకూ దీనికీ నడుమ మూరెడు జాగ ఉంచు."

ఆమె స్టూలెక్కింది.
ఇరవై ఏండ్లుగా బట్ట కొలిచిన చెయ్యి
సీలింగుకు నిలువుగ ఆనించి,
మోచేతి కాడ గుర్తు చూసుకొని,
పై నుంచి ఒక్కో కట్ట దించుడు మొదలువెట్టింది.