మెట్టుకూ మెట్టుకూ నడుమ

రంగూన్ నుంచి నడిచి వచ్చినాడంట.
అది ఆయన చెప్పిన మాట కాదు,
ఎడమకాలికి లేని రెండు వేళ్ళు చెప్పిన మాట.
పేరు సిరిల్ ఆంగ్.
గుంతకల్లు నోట్లో పడినాక సిరిలప్ప.

కలకత్తాలో మూడేండ్లు, బొంబాయి హోటల్లో పదకొండేండ్లు
తెల్లకోటు తొడుక్కొని వాయించినాడు.
బెంగుళూరులో కొత్త కొలువుకని బయల్దేరి
ఈడ పెద్దలైను దిగి చిన్నలైను ఎక్కాల.
చిన్నలైను బండి అప్పటికే పోయింది.
రాత్రికి తల దాచుకోను రైల్వే ఇన్‌స్టిట్యూట్‌కు పోతే
మూలన గోనెపట్ట కప్పుకొని ఒక పియానో.
తెల్లారి బండీ పోయింది.
ఆ మీద ముప్పై ఒక్క ఏడు
బండ్లు పోతానే ఉన్నాయి.

పగలు పార్శిల్ ఆఫీసులో మామిడిబుట్టలకు చీటీలు,
శనివారం రాత్రి గార్డులూ డ్రైవర్లూ వాళ్ళ ఆడోళ్ళూ
చెక్కనేల అరిగేదాకా ఆడేటట్టు వాయింపు.

మా నాయన దూదేకుల దస్తగిరి.
పియానో ముందరి స్టూలుకు మెత్త కుట్టను పిలిస్తే
విల్లు భుజానేసుకొని పోయినాడు, వెనక నేను.
వరండాలో కూచొని నరం మీటినాడు.
డుయ్ఁ.
లోపల్నుంచి ఆయప్ప ఉరికొచ్చినాడు, ఒంటి చెప్పుతో.
"మళ్ళీ కొట్టు."
నాయన కొట్టినాడు.
లోపలికి పోయి తెల్లమెట్టు నొక్కినాడు. కాదు.
పక్కన నల్లమెట్టు. అదీ కాదు.
ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి వేలు జార్చి
ఏడుపుకూ ఆవులింతకూ నడుమ
ఏదో సద్దు చేసి నవ్వినాడు.
"ఇరవై ఏండ్లుగా నేను దేవులాడే స్వరం
నీ పరుపుల్లో పడుకోనుంది కదప్పా!"
నాయనకు ఏమీ అర్థం కాలేదు.
కూలి నాలుగు రూపాయలన్నాడు. ఐదిచ్చినాడు.

ఎండాకాలం చెక్క పగలకుండా
పియానో కడుపులో ముంతెడు నీళ్ళు పెట్టేది నా పని.
రెండు దినాలకొకసారి కొళాయి వచ్చే ఊర్లో
ఒక కట్టెపెట్టె నీళ్ళు తాగుతాందని
మా అమ్మ తిట్టని తిట్టు లేదు.
తీగ తెగితే లైన్‌మన్ ఓబులేసు
సిగ్నల్ తీగ తుంచి ఇచ్చినాడు.
ఆ ఒక్క మెట్టు నొక్కితే
ఎప్పుడూ బండి వచ్చేటట్టే ఉండేది.

బ్లూస్ అంటే ఏంది సామీ, అని అడిగినా.
అప్పు తీర్చలేనని
అప్పిచ్చినోని వాకిట్లోనే కూచొని పాడడం, అన్నాడు.
రంగూన్ రేవులో దిగిన నల్ల నావికుడు
మూడు రాత్రులు నేర్పినాడంట.
వాని పేరు అడగను మరిచిపోయినానని
నాతో ముప్పైసార్లన్నా చెప్పింటాడు.

ఆడేటోళ్ళంతా ఒక్కొక్కరే పెర్త్‌కు పోయినారు.
నేల మీద క్యారంబోర్డులు వచ్చినాయి.
పత్తికొండ మదార్ బ్యాండుసెట్టులో
ఎర్రకోటేసి, జనరేటర్ బండి పక్కన
చిన్న కీబోర్డు ముందర నిలబెట్టినారు ఆయప్పను.
కుడిచెయ్యి సినిమా పాట.
ఎడమచెయ్యి మాత్రం దాని మానాన అది
ఏటి దావ పట్టి పోయేది.
పెండ్లికొడుకు మేనమామ వచ్చి
"ఆ చెయ్యి ఆపప్పా, గుండెల్లో ఏందో అయితాంది" అన్నాడు.

పియానో పనికిరాదని రాసినారు.
పార్శిల్ ఆఫీసులో బిల్లు రాసింది ఆయనే,
ఆయన కోలచేతి రాతలోనే:
పాత ఇనుము, నూట యాభై కిలోలు.
తీగలు మద్దికెర దావలో టమోటా తోటలకు పోయినాయి.
ఆ యేడు కాపు బాగుండింది. ధర లేదు.

రైల్వే ఆస్పత్రిలో చూడబోతే
పరుపు మీద వేళ్ళు ఆడిస్తా ఉన్నాడు.
"ఇది మీ నాయన ఏకిన దూదేనా?"
కాదు, ఫోము, అన్నా.
కాసేపు ఇంకా తట్టి చూసినాడు.
"అందుకే," అన్నాడు,
"ఎంత నొక్కినా పలకదు."