లిబెన్ మైదానంలో సున్నా

ఏడు వందల కిలోమీటర్ల ఎత్తు నుంచి
ఈ నేలంతా ఆకుపచ్చ గళ్ళ లుంగీ.
గడికో అంకె.
నేను కూర్చున్న గడిలో
భరతపిట్ట ఉండే అవకాశం
నూటికి ఎనభై మూడు.

మూడు తెల్లవారుజాములు చెవులు రిక్కించాను.
గాలి. ఒంటె మెడలో కొయ్యగంట.
మళ్ళీ గాలి.

దబాసో కర్రతో పొదను తట్టి నవ్వాడు:
“నీ పైవాడికి పచ్చనిదంతా గడ్డే.
ఇది ముళ్ళతుమ్మ, మా నాయన నాడు లేదు.
నేల మీద నడిచే పిట్ట
ఇందులో కాలెక్కడ పెడుతుంది?”

ఆ మాట ఏ పట్టికలో వేయాలో తెలియక
నోటుబుక్కు అంచున రాసుకున్నాను.

తిరిగొస్తుంటే,
నూటికి నాలుగన్న గడిలో,
ఆవులు పోకుండా ఊరు దడి కట్టుకున్న చోట,
ఎండి పసుపెక్కిన మోకాలెత్తు గడ్డిలోంచి
ఏదో లేచిందట.
దబాసో మనవరాలు లోకో
వేలు చూపించేసరికే దిగిపోయింది.
నేను చూసింది వేలినే.

రాత్రి టార్చి వెలుగులో
ఎనభై మూడు పక్కన సున్నా వేశాను.
వినపడలేదన్నదీ ఒక కబురే,
దాన్నీ మొయ్యాలి అడిస్ అబాబా దాకా.

నాలుగు పక్కన మాత్రం
అంకె వేయలేకపోయాను.
లోకో అని రాశాను,
తొమ్మిదేళ్ళు అని రాశాను.