కారణం: గాలి

విత్తనాల కొట్టు మీద, రెండో అంతస్తులో మా రేడియో.
గోడలకి గుడ్ల అట్టలు, కిటికీకి గోనెపట్టా.
వంశధార మీంచి గాలి లేస్తే ఏంటెనా ఊగి
గుణుపురంలో సగం ఇళ్లకి గరగర.
నా పని మీటలు తిప్పడం,
పుస్తకంలో టైము రాయడం.

ఆదివారం మూడింటికి బమ్మిడి తవిటయ్య వస్తాడు,
ప్రతి మెట్టూ ముందు ఎడమకాలితోనే ఎక్కుతూ.
కుడి మోకాలు మునిగుడలో పోయింది.
తొంభై రెండు, వానాకాలం, బురద గ్రౌండు,
గెలిచిన జట్టుకి మేకపోతు.
ఆ రాత్రే కోశారట.
ఆసుపత్రి మంచం దగ్గరికి గిన్నెడు కూర పంపారు.
"నా కాలికి సరిపడా బొమికలేసారు" అంటాడు.

పదిహేడేళ్లు, తొమ్మిది జట్లు.
కాశీనగరానికి బస్సు ఛార్జీకి ఆడాడు,
పర్లాకిమిడికి రెండు గుడ్లకీ పాతిక రూపాయలకీ,
రాయగడ దగ్గర మిల్లు జట్టుకి
పర్మినెంటు చేస్తామన్న మాటకి.
ఆ మాట మూడు సీజన్లు బతికింది.
కొత్త మేనేజరుకి క్రికెట్ ఇష్టం.

ముందు వరసలో ఆడేవాడంటే ఏమిటని
ఒకసారి అడిగాను.
"ఎనభై తొమ్మిది నిమిషాలు కూలోడు,
ఒక్క నిమిషం పెళ్లికొడుకు.
ఆ నిమిషం ఏదో ముందు తెలీదు,
అదే సిక్కు."

నూట పన్నెండు గోల్స్.
లెక్క భార్య అరువు ఖాతా పుస్తకంలో, వెనక పేజీల నుంచి.
ముందు నుంచి కందిపప్పు, చింతపండు, రాని బాకీలు;
వెనక నుంచి గోల్స్.
ఒకరోజు నడిమి పేజీలో రెండూ ఎదురుపడ్డాయి.
తనని ఆపింది మోకాలు కాదు, ఆ పేజీ అంటాడు.

ఒడియా పేపరు ఆయన్ని తబిటి అని రాసేది.
తెలుగు పేపరు "మరొకరు ఒక గోల్ చేశారు" అని రాసేది.
మైకు ముందు మొదటి రోజు
తన పేరు తనే చెప్పుకున్నాడు, రెండుసార్లు.
లైవు కదా, ఒకటి కోసేయడానికి లేదు.
ఉన్నా కొయ్యను.

ఆదివారాలు గోనెపట్టా తీసేస్తాం.
కాలేజీ గ్రౌండంతా కనిపిస్తుంది,
వాటర్ ట్యాంకు వెనక ఒక్క మూల తప్ప.
అక్కడికి బంతి పోతే ఊహించి చెబుతాడు.
ఇన్నేళ్లలో రెండుసార్లే తప్పాడు.
తెలుగులో మొదలెడతాడు, బంతి పరిగెత్తితే ఒడియా,
ఫౌలు పడితే సవర మాటొకటి.
దాని అర్థం నేనడగను,
కొండమీద పల్లెల్లో నవ్వుతారట.
"ఒలే ఒలే, గుంటడు మల్లాడు,
బంతి ఎల్తంది, ఎల్తంది,
గట్టు తెగిన మడిలో నీల్లాగ..."

జయపురం ఫైనల్లో
పోస్టుకి కొట్టిన పెనాల్టీ సంగతి
ఎప్పుడూ ఎత్తలేదు.
నాకు చెప్పింది అప్పటి గోల్‌కీపరు,
కింద కొట్లో వేరుశనగ విత్తనానికొచ్చి.

మొన్నటి ఫైనలు.
చెరొక గోలు, ఆఖరి నిమిషం, పెనాల్టీ.
బంతి దగ్గర పంతొమ్మిదేళ్ల ఇస్సాకు సబర,
అరువు బూట్లు, ఒక బూటుకి నైలాను తాడు.
తవిటయ్య అడుగులు లెక్కపెట్టాడు: నాలుగు, మూడు, రెండు,
తరవాత ఏమీ లేదు.

మైకు బాగానే ఉంది.
ఊరి కేకలు వస్తున్నాయి,
బల్ల కింద ఆయన కుడికాలు
నేలని తన్నిన చప్పుడూ వచ్చింది, ఒక్కసారి.
నేను మీట ముట్టుకోలేదు.

"పోస్టుకి తగిలింది" అన్నాడు చివరికి.
"గుంటడు నిలబడ్డాడు. ఇంకా నిలబడే ఉన్నాడు.
ఆడి పేరు ఇస్సాకు సబర.
ఇస్సాకు సబర."

ఆట అయ్యాక టీ వద్దన్నాడు.
మెట్లు దిగి, సైకిలు కొట్టు ముందే వదిలేసి
గ్రౌండు వైపు కుంటుతూ వెళ్లాడు.

నేను పుస్తకం తీశాను.
నాలుగూ యాభై ఒకటి. పదకొండు సెకన్లు మాట లేదు.
కారణం అన్న గడిలో
గాలి, అని రాశాను.
ఆ పూట ఆకు కూడా కదల్లేదు.