రెండోదానికి

స్కానింగు కాగితం మీద నీ పేరు 'బి'.
పెన్సిలుతో రాశారు, చెరిపితే పోతుంది.
'ఎ' తల కిందికి దించి, గుమ్మం దగ్గర
టికెట్టు పట్టుకున్న ప్రయాణికుడిలా ఎప్పుడో సిద్ధం.
నువ్వు మాత్రం నా కుడి పక్కటెముకల కింద
నిన్న అడ్డంగా, ఇవాళ ఐమూలగా.
రేపటి సంగతి డాక్టరు ఎలిన్‌బోర్గ్ కూడా చెప్పదు.
మా దీవుల్లో రేపు అనే మాటకు
గాలి ఒప్పుకుంటే అనే తోక ఎప్పుడూ ఉంటుంది.

దక్షిణ దీవి నుంచి రెండు గంటలు పడవలో వచ్చాను.
మీరిద్దరూ బయటికొచ్చాకే తిరుగు పడవ.
ఆపరేషన్ చేయించేసుకోవే, గంటలో తేలిపోతుంది
అంది బార్తల్ వాళ్ళ పిన్ని, చేపల సూపు వడ్డిస్తూ.
తప్పేం కాదు. అవసరమైతే కోయమనే సంతకం పెట్టాను.
ముందు నన్ను ప్రయత్నించనివ్వండి, అంతే అన్నాను.

మంత్రసాని తూరిద్ గదులు చూపించింది.
కానుపు గది నుంచి ఆపరేషన్ గదికి పద్నాలుగు అడుగులు,
ఈ బరువుతో, నా అడుగులు.
వెన్నులో సన్నటి గొట్టం ముందే అమర్చి ఉంచుతారట,
మందు ఎక్కించినా, ఎక్కించకపోయినా.
సహజంగా అంటే ఏమీ లేకుండా అనుకునేదాన్ని మొన్నటిదాకా.
మీకు చెరో దీపం, చెరో తువ్వాలు, చెరో పిల్లల డాక్టరు.
గదిలో ఉండేవాళ్ళను లెక్కపెడితే తొమ్మిదిమంది.
మా ఊరి చర్చికి ఆదివారం కూడా అంతమంది రారు.
పడవ ఇంజన్లు బాగుచేసే బార్తల్
నేనెక్కడ నిలబడాలి అని మూడుసార్లు అడిగాడు.
తూరిద్ నేల మీద నీలం టేపుతో గుర్తు పెట్టింది.
ఇందాక ఎవరూ లేనప్పుడు
దాని మీద నిలబడి అభ్యాసం చేస్తున్నాడు.

నీకు చెప్పాల్సింది వేరే ఉంది.
'ఎ' వెళ్ళిపోగానే ఇల్లంతా ఒక్కసారిగా నీదవుతుంది.
ఇన్ని నెలలూ మోకాలు చాపే చోటు లేనిదానివి,
గంతులేయాలనిపిస్తుంది. వద్దు.
అప్పుడు ఎలిన్‌బోర్గ్ రెండు అరచేతులూ
నా పొట్టకు ఇటూ అటూ ఆనించి నిన్ను పట్టుకుంటుంది.
తల కిందికైనా సరే, కాళ్ళు కిందికైనా సరే,
ఆ చేతుల మధ్య నిలువుగా ఉండు. చాలు.

గొర్రెల మధ్య పెరిగినదాన్ని, కవలలు నాకు కొత్త కాదు.
నా పదమూడో ఏట, ఏప్రిల్‌లో, వడగళ్ళ రాత్రి
నల్లమూతి గొర్రె ఒక పిల్లను ఈని, నాకి, నిలబెట్టింది.
అయిపోయిందనుకున్నాను.
టార్చిలైటు తీసుకుని ఇంటికొచ్చి, పాలు తాగి పడుకున్నాను.
తెల్లారి చూస్తే రాతిగోడ పక్కన రెండోది.
దాన్ని ఎవరూ నాకలేదు.
మా నాన్న ఒక్క మాటా అనలేదు.
అనుంటే ఈపాటికి మరిచిపోయేదాన్ని.

అందుకే నా కానుపు కాగితంలో
మిగతావాళ్ళు సంగీతం, వెలుతురు గురించి రాసుకునే చోట
రెండో బిడ్డ వచ్చేదాకా ఎవరూ సంబరపడొద్దు అని రాశాను.
తూరిద్ చదివింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.
ఆ వాక్యం కొట్టేసి కింద తన చేత్తో రాసింది:
సంబరపడతాం. చేతులు మాత్రం తీయం.

రాత్రి పొట్టకు రెండు బెల్టులు కట్టారు.
పక్కపక్క గదుల్లో రెండు కుట్టుమిషన్లు,
ఒకటి లంగా కుడుతున్నట్టు, ఒకటి జేబు కుడుతున్నట్టు.
ఏది నీదో నాకిప్పుడు తెలుసు,
జారిపోయి మళ్ళీ వెతికించుకునేది.
సంచిలో రెండు టోపీలున్నాయి. బూడిదరంగు ఊలు
నీ టోపీకి మూడు వరసలు చాలలేదు, అంచు పసుపైంది.
పోలిక పట్టడానికి అది పనికొస్తుందిలే.

ఇదిగో, మళ్ళీ తిరిగావు.
సరే, తిరుగు. శుక్రవారం దాకా తిరుగు,
గాలి ఒప్పుకుంటే.