ఎన్ని ఉద్యోగాలు?

కాగితాలు చంకన పెట్టుకుని
రాజధాని నుంచి ఓ కుర్రాడొచ్చాడు.
కుతాయిసికి విదేశీ విద్యార్థులొచ్చాక
ఊళ్ళో ఎన్ని ఉద్యోగాలు పెరిగాయో రాసుకోవాలట.
నన్నడిగాడు,
రొట్టెలు కాల్చుకునే త్సియాలాని.

కూర్చో నాయనా, పొయ్యి దగ్గర వెచ్చగా ఉంటుంది.
అంకెలు నాకు అట్టే రావు. బస్తాల్లో చెప్తాను.
ఒకప్పుడు రోజుకి అర బస్తా పిండి,
అందులోనూ మిగిలింది పక్కింటి కోళ్ళకి.
ఇప్పుడు రెండున్నర.
పరీక్షల వారం మూడు.
ఆగస్టులో మళ్ళీ అరే. అదీ రాసుకో,
నీ కాగితంలో ఆగస్టుకి గడి ఉందో లేదో మరి.

లారీల ఫ్యాక్టరీ మూతపడ్డ రోజు
మా మరిది ఓతియా స్పానరు జేబులో వేసుకుని ఇంటికొచ్చాడు.
ఇరవై ఏళ్ళు ఆ స్పానరూ వాడూ
ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు.
ఇప్పుడు మెడికల్ కాలేజీలో
శవాల గది ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు.
చచ్చినవాళ్ళే నాకు బతుకు చూపించారని నవ్వుతాడు.
జీతం రోజు మాత్రం నవ్వడు,
రెండుసార్లు లెక్కపెట్టుకుంటాడు.

ఎతేరి టీచరు రష్యన్ చెప్పేది,
నేర్చుకునేవాళ్ళే లేకుండా పోయారు.
ఇప్పుడు నైజీరియా పిల్లలకీ జోర్డాన్ పిల్లలకీ
నెల రోజులుగా మా భాషలో ఒకే ప్రశ్న పలికిస్తోంది:
ఎక్కడ నొప్పి?
మా మాటల్లో అచ్చులు తక్కువ, పొల్లులెక్కువ.
రియోని నదిలో తెల్లరాళ్ళలా
గొంతుకడ్డం పడతాయి వాళ్ళకి.
ఆసుపత్రి మంచాల మీద ముసలాళ్ళు
తమ నొప్పి మరిచిపోయి
ఉచ్చారణ దిద్దుతుంటారు.

అన్నీ తీపి మాటలే చెప్తే నా నాలుక ఊరుకోదు.
అద్దెలు చెట్టెక్కి దిగనంటున్నాయి.
పై వీధి నూనూ కొడుకు కొత్తగా పెళ్ళైనవాడు,
ఇల్లు దొరక్క ఇల్లరికం పోయాడు.
నా పై గదికి నేనూ పెంచాను, దాచను.
ఆ డబ్బుతోనే పొయ్యి గోడకి కొత్త మట్టి మెత్తించాను,
పిండి కలపడానికి మారెఖిని పెట్టుకున్నాను.
ఇదిగో, ఈ పిల్లే.
ఒకటి అని వేసుకో, గట్టిగా ఒత్తి రాయి.
లేకపోతే ఈపాటికి ఇటలీలో
ఎవరో ముసలావిడకి పక్క మారుస్తుండేది.

పై గదిలో ఉండేది ఎబియెరె.
వాళ్ళది నదులు చీలి సముద్రంలో కలిసే చోటు.
మొదటి చలికాలం గజగజలాడుతూ దిగొచ్చి
ఈ పొయ్యి పక్కనే నిలబడి చదివేది.
నేను గోడకి రొట్టెలు చరిచే లయకి
ఎముకల పేర్లు గొణుక్కునేది.
నాకూ పట్టుబడ్డాయి కొన్ని.
స్కాపులా అంటే భుజం వెనక రెక్క.

మొన్న పొయ్యిలోకి వంగి
చెయ్యి పైకి తీయలేక ఆగిపోయాను.
పుస్తకం మూసేసింది.
భుజం మీద రెండు వేళ్ళు ఆనించి
మా భాషలో
ఒక్క పొల్లూ పొల్లుపోకుండా
అడిగింది.

నలభై ఏళ్ళుగా నన్ను అందరూ
ఎంత అనే అడిగారు.
రొట్టె ఎంత, అద్దె ఎంత, బాకీ ఎంత.
ఎక్కడ అని అడిగింది ఈ పిల్లే.

దీన్ని ఏ గడిలో రాస్తావు?
సర్లే, చీకటి పడుతోంది.
ఈ రొట్టె పట్టుకెళ్ళు, ఇంకా వేడిగా ఉంది.
డబ్బులా?
ఇచ్చే వెళ్ళు.
ఊరికే ఇస్తే నీ లెక్క తప్పుతుంది.