ఉప్పుడబ్బా

ఏప్రిల్ ముప్పై.
మెయిన్ రాష్ట్రపు ఉత్తరపు కొనలో
కాలవగట్ల కింద మంచు ఇంకా మురికిగా మిగిలుంది.
వంటింటి బల్ల మీద రెండు కవర్లు,
నడుమ ఉప్పుడబ్బా.
అవి రెండూ ఒకదాన్నొకటి చూసుకోకుండా
అమ్మ పెట్టిన అడ్డం.

డాక్టరు చదువు కాదిది,
దాని గుమ్మం దాకా తీసుకెళ్ళే చదువు.
ఒకచోట కెమిస్ట్రీకి పన్నెండుమందే.
అక్కడి టీచరు ఫోన్లో మొదటిసారే
నా పేరు సరిగ్గా పలికింది, ఒడెట్ సీర్ అని.
ఇంకోచోట నాలుగువందల మంది.
క్లాసు కిటికీలోంచి చూశాను,
ఆసుపత్రి కప్పు మీద హెలికాప్టర్ దిగడం.
లోపలున్నదెవరో తెలీదు,
నా కాళ్ళు మాత్రం అటు పరుగెత్తబోయాయి.

చెడ్డదాన్ని ఏరెయ్యడం నాకొచ్చు.
పదమూడో ఏటి నుంచీ ప్రతి సెప్టెంబరూ
హార్వెస్టర్ బెల్టు పక్కన నిలబడి
బంగాళాదుంపల్లోంచి రాళ్ళు ఏరినదాన్ని.
కళ్ళు మూసుకున్నా చెయ్యి చెప్పేస్తుంది,
రాయి చల్లదనం వేరు.
రెండూ దుంపలే అయితే
చెయ్యి ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు.
బెల్టు ఆగదు.

విత్తనాల బిల్లు వెనక నాన్న లెక్క వేశాడు.
తేడా ఏడాదికి పదకొండు వందల డాలర్లు.
"ట్రాక్టరుకి ఒక క్లచ్చు," అన్నాడు.
అంతకుమించి ఒక్క మాట అనలేదు,
అదే ఎక్కువ బరువు.

సాయంత్రం డాక్టర్ పెల్టియే దగ్గరికెళ్ళాను.
మా ఊరికి ఆయనొక్కడే.
నా గడ్డం కింద తొమ్మిది కుట్లు ఆయన చేతివే.
"మీరెక్కడ చదివారు?"
తలుపు వెనక వేలాడే కోటు పక్కకి జరిపాడు.
పటం. అద్దం నిండా దుమ్ము.
"ముప్పయ్యొక్కేళ్ళలో అడిగింది
నువ్వూ, అప్పిచ్చిన బ్యాంకువాడూ."
నేను పేరు చదివేలోపే
కోటు మళ్ళీ తన చోటికొచ్చేసింది.

దారిలో నవ్వొచ్చింది. వంతెన దాటాక కోపమొచ్చింది.
ఆయనకేం, ఎప్పుడో అయిపోయింది.
నాకింకా అర్ధరాత్రి దాకా ఉంది.

పదకొండున్నరకి నాలుగువందల మందిలోకి
నన్ను నేను తోసుకున్నాను.
కారణం అడక్కండి, కాళ్ళనడగండి.
తరవాత ఆ టీచరుకి రెండు వాక్యాలు రాయడానికి
గంటన్నర పట్టింది.

రెండో కవరు పారెయ్యలేదు.
ఉప్పుడబ్బా కింద ఉంది.
పొద్దున గుడ్ల మీదికి అమ్మ డబ్బా ఎత్తినప్పుడు
ఓ మూల కాస్త లేచి
మళ్ళీ పడుకుంటుంది.